పాత జర్మన్ మిలిటరీ సామాను కొన్నాను, అమ్మాను: నా అనుభవం

ఆ శనివారం నేను వెళ్లింది దోసె పెనం కోసం. స్టుట్‌గార్ట్ వచ్చి నాలుగు నెలలైంది. షాపుల్లో దొరికే నాన్‌స్టిక్ పెనాల మీద దోసె వేస్తే అట్టముక్కలా వస్తోంది. కార్ల్స్‌ప్లాట్జ్‌లో శనివారం శనివారం పాత సామాన్ల సంత జరుగుతుందని, అక్కడ పాతకాలం పోత ఇనుప పెనాలు చవగ్గా దొరుకుతాయని ఆఫీసులో ఎవరో చెప్పారు. పెనం దొరికింది, 8 యూరోలు. దాన్ని సంచిలో వేసుకుని వెనక్కి తిరుగుతుంటే పక్క బల్ల మీద ఒక చుట్టల డబ్బా, అందులో పాత పతకాలు, ఒక నల్లటి శిలువ, ఆ శిలువ మధ్యలో ధర రాసే తెల్ల స్టిక్కర్ ముక్క. స్టిక్కర్ మీద మాత్రం ధర లేదు.

ఇక్కడ ఎందుకు అతికించారండీ అని అడిగాను. ఆ పెద్దాయన అటూ ఇటూ చూసి, గోటితో స్టిక్కర్ అంచు లేపి, కింద ఉన్న స్వస్తిక్‌ని ఒక్క క్షణం చూపించి మళ్లీ బొటనవేలితో నొక్కేశాడు. "ఇంట్లో ఎన్నయినా పెట్టుకో, ఇక్కడ బయట కనిపించకూడదు" అన్నాడు.

తర్వాత చదువుకున్నాను. జర్మన్ శిక్షాస్మృతిలో 86ఏ అని ఒక సెక్షన్ ఉంది. నాజీ గుర్తుల్ని బహిరంగంగా చూపించినా, పంచినా మూడేళ్ల దాకా జైలు లేదా జరిమానా. చరిత్ర, పరిశోధన, బోధన, కళ లాంటి వాటికి మినహాయింపు ఉంది. వస్తువు కొనుక్కుని ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. అందుకే ఇక్కడ సంతల్లో హెల్మెట్లకి, పతకాలకి, పాత తపాలా కార్డులకి కూడా స్టిక్కర్లు ఉంటాయి. ఆస్ట్రియాలో చట్టం ఇంకా గట్టిది. ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఏ స్టిక్కరూ లేకుండా బల్లల మీద పరిచి అమ్ముతారు.

60 యూరోలు అడిగాడు, 50కి ఇచ్చాడు. అది రెండో తరగతి ఐరన్ క్రాస్. అప్పటికి నాకు దాని గురించి ఒక్క ముక్క కూడా తెలీదు. ఇంటికొచ్చి చూస్తే వెనక 1813 అని ఉంది, ముందు 1939. మోసపోయాననుకుని రాత్రంతా టెన్షన్. తర్వాత తెలిసింది, అది అలాగే ఉండాలట. ప్రష్యా రాజు ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ 3 నెపోలియన్ మీద యుద్ధానికి 1813లో మొదలుపెట్టిన పతకం అది, 1870లో, 1914లో, మళ్లీ 1939 సెప్టెంబర్ 1న తిరగదోడారు. అసలుదైతే మూడు ముక్కలు ఉంటాయి: మధ్యలో నల్ల రంగు వేసిన ఇనుప పలక, దాన్ని అటూ ఇటూ పట్టుకున్న వెండి చట్రం. సాధారణంగా మధ్యభాగానికి అయస్కాంతం అంటుకోవాలి, చట్రం అతుకు అంచున సన్నగా కనిపించాలి. ఒకే ముక్కగా పోతపోసి ఉంటే పక్కన పెట్టేయడమే. ఇలాంటివి లక్షల్లో ఇచ్చారు కాబట్టి ధర తక్కువ. దొంగ సరుకు కూడా అదే లెక్కలో ఉంది, ఎందుకంటే కొత్తగా దిగేవాళ్లు అందరూ మొదట కొనేది ఇదే.

ఇక ఇంట్లో మా ఆవిడ అడిగిన ప్రశ్న, ఆ తర్వాత ఆరేళ్లూ అందరూ అడిగిన ప్రశ్న: నీకెందుకు ఇవన్నీ?

నాకు దారి చూపించింది హైదరాబాదీ ఒకాయన. ఆబిద్ హసన్. "జైహింద్" అన్న పలకరింపు ఆయనదే అంటారు. ఇంజినీరింగ్ చదవడానికి జర్మనీ వచ్చి, ఇక్కడ నేతాజీని కలిసి, చదువు పక్కన పడేసి ఆయనకి సెక్రటరీగా చేరిపోయాడు. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవులో యూ-180 జలాంతర్గామి ఎక్కి నేతాజీతో పాటు బయల్దేరినవాడు ఆయనే. ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రం మధ్యలో, అలల మీద రబ్బరు పడవలో జపాన్ వాళ్ల ఐ-29కి మారారు. నేనూ హైదరాబాద్ నుంచే వచ్చాను, నేనూ ఇంజినీర్నే, నా సాహసం అల్లా ఫ్రాంక్‌ఫర్ట్‌లో రైలు మారడం. ఆ పోలిక నన్ను వదల్లేదు. వాళ్లు ఇక్కడ తయారుచేసిన దళం గురించి చదవడం మొదలుపెట్టాను. ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడ్డ బ్రిటిష్ ఇండియా సైనికుల్ని అన్నాబుర్గ్ శిబిరంలో పోగేసి, డ్రెస్డెన్ దగ్గర కోనిగ్స్‌బ్రూక్‌లో శిక్షణ ఇచ్చారు. జర్మన్ సైన్యం లెక్కల్లో అది 950వ రెజిమెంట్. 1944లో దాన్ని కాగితం మీద నాజీ పార్టీ సాయుధ దళమైన వాఫెన్ ఎస్‌ఎస్ కిందకి మార్చారు. యుద్ధం చివరి శీతాకాలం వాళ్లు గడిపింది హ్యూబర్గ్ శిబిరంలో, అది మా ఊరికి కారులో గంటన్నర దూరం. మంచులో నిలబడి ఆ పల్లెని చూసి వచ్చాను కూడా. ఒక బేకరీ, ఒక బస్టాపు, దూరంగా సైనిక స్థలం కంచె.

ఆ దళం వాళ్ల చొక్కా చేతికి ఒక గుడ్డ బిళ్ల ఉండేది. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పట్టీలు, మధ్యలో దూకుతున్న పులి, పైన "ఫ్రైయెస్ ఇండియెన్" అని, అంటే స్వేచ్ఛా భారతం. నాకు ఆ పులి కావాలి. మిగతా కథంతా ఆ పులి వల్లే.

కొన్నాను. ఆన్‌లైన్‌లో, వేరే దేశం నుంచి, 240 యూరోలు పెట్టి. "మా తాత అటక మీద దొరికింది" అని రాశాడు అమ్మినవాడు. (ఈ వ్యాపారంలో అటకలు ఎక్కువ. ఆ అటకలన్నీ నిజమైతే యూరప్‌లో ఇళ్లు కూలిపోయేవి.) బిళ్ల వచ్చింది, అందంగా ఉంది, చక్కగా మాసినట్టు ఉంది. స్టుట్‌గార్ట్‌లోని సేకరణదారు ఒకాయన, రిటైర్డ్ మెకానిక్, అది చూసి ఏమీ అనకుండా జేబులోంచి చిన్న యూవీ టార్చి తీసి లైట్లు ఆర్పమన్నాడు. వేశాడు. పులి చుట్టూ ఉన్న దారం సర్ఫ్ యాడ్‌లో చొక్కాలా తళతళా మెరిసింది.

విషయం ఏంటంటే, గుడ్డలకి, దారాలకి, కాగితాలకి తెల్లదనం కోసం కలిపే మెరుపు రసాయనాలు యుద్ధం తర్వాతే విరివిగా వచ్చాయి. అవి యూవీ వెలుతురులో నీలం తెలుపుగా వెలుగుతాయి. స్టుట్‌గార్ట్ వాళ్లకి ఇది బాగా తెలిసిన సంగతి, ఎందుకంటే ఈ ఊళ్లోనే దుకాణం పెట్టి నాజీ సామాన్లు, వాటికి తోడు తను తయారుచేసిన దొంగ చీటీలు, బొమ్మలు అమ్మిన కొన్రాడ్ కుయావ్, హిట్లర్ డైరీలు అని చెప్పి పదుల కొద్దీ పుస్తకాలు తన చేత్తో రాసి పడేశాడు. స్టెర్న్ పత్రిక వాటికి సుమారు 93 లక్షల మార్కులు కట్టి 1983 ఏప్రిల్‌లో అచ్చు మొదలుపెట్టింది. రెండు వారాలు తిరక్కుండానే జర్మన్ జాతీయ ఆర్కైవ్ వాళ్లు కాగితాన్ని పరీక్ష చేయించి, అందులో యుద్ధం తర్వాతి తెల్లదనపు రసాయనం ఉందని తేల్చారు. కుయావ్‌కి నాలుగున్నరేళ్ల శిక్ష పడింది. అంత పెద్ద పత్రిక 93 లక్షలకి మోసపోయింది, నేను 240కి. ఆ లెక్కన నాదే నయం అని మా ఆవిడకి చెప్పి చూశాను, ఆవిడ ఒప్పుకోలేదు.

టార్చి కొనుక్కోండి, 12 యూరోలు. కానీ దాన్నే దేవుడిగా పెట్టుకోవద్దు. నిజమైన పాత యూనిఫామ్‌ని ఏ 1970లోనో ఇంటావిడ మామూలు సబ్బుపొడితో ఉతికి ఉంటే అదీ మెరుస్తుంది. మెరవనంత మాత్రాన అసలుదనీ కాదు, దొంగలు కూడా టార్చి కొంటారు. నాకు డబ్బు వెనక్కి రాలేదు. వాపసు గడువు 14 రోజులు, నేను లైట్లు ఆర్పింది 20వ రోజున. అప్పటి నుంచి, నకిలీ అని తేలితే ఎప్పుడైనా డబ్బు తిరిగిస్తానని రాసిచ్చే డీలరు దగ్గర తప్ప కొనలేదు, పది యూరోలు ఎక్కువైనా సరే.

పులి కోరిక చివరికి స్టాంపులతో తీర్చుకున్నాను. 1943లో బెర్లిన్‌లోని ప్రభుత్వ ముద్రణాలయంలో ఆజాద్ హింద్ పేరుతో స్టాంపులు అచ్చు వేశారు. రాట్నం తిప్పుతున్న ఆడమనిషి, నాగలి పట్టిన రైతు, సంకెళ్లు తెంచిన భారతం మ్యాపు. నేతాజీ ప్రభుత్వం వస్తే వాడదామని వేసినవి, అవి ఏ తపాలా పెట్టెలోనూ పడలేదు. మంచి సెట్ దొరకడం పెద్ద కష్టం కాదు. ఆజాద్ హింద్ పతకాల జోలికి మాత్రం వెళ్లలేదు. వాటిని చేసిన వియన్నా కంపెనీ యుద్ధం తర్వాత కూడా పాత అచ్చులతో పతకాలు కొట్టిందని ఈ రంగంలో అందరూ చెప్పుకునే మాటే, ఏది ముందుది ఏది తర్వాతది అని తేల్చేంత కన్ను నాకు లేదు.

హెల్మెట్ కథ చిన్నదే. 2018లో ఒక ఇల్లు ఖాళీ చేస్తుంటే 180 యూరోలకి దొరికింది. లోపల ఎడమవైపు అంచున క్యూ 64 అని కొట్టి ఉంది. క్యూ అంటే క్విస్ట్, ఎస్‌లింగెన్‌లోని ఫ్యాక్టరీ, మా స్టేషన్‌లో ఎస్-బాన్ ఎక్కితే పావుగంట. 64 అన్నది ఉక్కు తొడుగు సైజు. గాలి రంధ్రాలు విడిగా బిగించకుండా రేకులోనే అచ్చొత్తి ఉన్నాయి కాబట్టి 1940 మోడల్, అంచు లోపలికి మడిచి ఉంది కాబట్టి 1942ది కాదు. లోపల తోలు ఎండి అప్పడంలా ఉంది. పక్కన సైన్యపు గద్ద బొమ్మ సగం చెరిగిపోయింది. ఒక మిలిటరీ సంతలో దాన్ని చూసిన ఒకడు నా చెవిలో చెప్పాడు, ఆ రెండో వైపు ఎస్‌ఎస్ గుర్తు వేయించుకో, పాత రంగు కలిపి వేసేవాళ్లున్నారు, నాలుగింతలు పలుకుతుంది అని. అంతే, ఈ రంగంలో హెల్మెట్లు ఎందుకు నమ్మకూడదో నాకు ఆ ఒక్క నిమిషంలో అర్థమైంది. ఉక్కు అసలుదే ఉంటుంది. అబద్ధమంతా అగ్గిపెట్టెంత బొమ్మలో ఉంటుంది.

2019 వేసవిలో అమ్మ వచ్చింది. శ్రావణ శుక్రవారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింటి గట్టు మీద పేపరు పరిచి దీపపు కుందులు, హారతి పళ్లెం, గంట, పక్కనే నా ఐరన్ క్రాస్. అన్నీ ధగధగా మెరుస్తున్నాయి. చింతపండు, ముగ్గు కలిపి తోమేసింది.

"స్వస్తిక్ ఉంది కదరా, దేవుడి సామాననుకున్నా. ఎంత నల్లగా పట్టించావో, అరగంట పట్టింది" అంది.

వెండి చట్రం మీద ఎనభై ఏళ్ల నలుపు పోయింది. మధ్యలో ఇనుము మీద నల్ల రంగు కూడా ఉబ్బిన చోటల్లా పోయి తుప్పు రంగు తేలింది. మామూలుగా ఈ రంగంలో మొదటి పాఠం అదే, ఏదీ తోమకూడదు, ఏదీ పాలిష్ చేయకూడదు, ఆ నలుపుకే విలువ. అమ్మకి ఆ పాఠం చెప్పలేదు నేను. కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. కూర్చోబెట్టి ఇది మన స్వస్తిక్ కాదమ్మా, వీళ్లు దీన్ని పెట్టుకుని ఏం చేశారంటే అని చెప్పాను, నాకు తెలిసినంత. నాజీల నిర్బంధ శిబిరం దాఖావ్ చూసొచ్చిన సంగతి కూడా చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత హారతి పళ్లాన్ని మళ్లీ కడిగింది. "మరి అలాంటిది ఇంట్లో ఎందుకు పెట్టుకున్నావ్ నాన్నా?" అంది.

నేతాజీ, ఆబిద్ హసన్, పులి, అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే తెలిసిపోతోంది, అప్పటికి నా అల్మారాలో ఉన్న 27 వస్తువుల్లో పులికి సంబంధించినవి స్టాంపులు, ఆ దొంగ బిళ్ల మాత్రమే. మిగతావన్నీ దొరికాయి కాబట్టి కొన్నవి.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి, ఈ సేకరణ చేసేవాళ్ల గురించి. నేను చూసినవాళ్లలో ఎక్కువమంది స్టాంపులు పోగేసేవాళ్ల లాంటివాళ్లే. రిటైరైనవాళ్లు, ఫ్యాక్టరీ గుర్తుల నంబర్లు కంఠతా చెప్పేవాళ్లు, జేబులో భూతద్దం, భార్యకి అసలు ధర చెప్పనివాళ్లు. కొద్దిమంది వేరే రకం ఉంటారు, వాళ్లని ప్రశ్నల్లో పట్టుకోవచ్చు. మొదటి రకం ఏ రెజిమెంట్ అని అడుగుతారు, ఎక్కడ దొరికింది అని అడుగుతారు. రెండో రకానికి అవేవీ అక్కర్లేదు, ఎస్‌ఎస్‌వి ఉన్నాయా అని గొంతు తగ్గిస్తారు. ఒకతను బయొనెట్ కొనడానికి ఇంటికొచ్చి, తలుపు తీసిన నన్ను చూసి "మీరు... ఓనరా?" అన్నాడు. మా ముత్తాతది అన్నాను. అర్థం కాక నిలబడ్డాడు. అమ్మలేదు, తలుపు వేసేశాను. మా ఆవిడ ఆ రోజు చాలా భయపడింది, ఆ తర్వాత ఇంటి అడ్రసు ఎవరికీ ఇవ్వలేదు.

నాకు అసలు మంటెక్కేది వేరే చోట. సంతల్లో గుర్తింపు బిళ్లలు అమ్ముతారు, మట్టి పట్టిన కోడిగుడ్డు ఆకారం రేకులు, 20, 30 యూరోలకి. జర్మన్ సైనికుడి మెడలో వేసే ఆ బిళ్ల మధ్యలో చీలికలు ఉంటాయి. మనిషి చనిపోతే కింది సగం విరిచి లెక్క కోసం పంపుతారు, పై సగం శవంతోనే ఉంటుంది. అందులో పేరు ఉండదు, దళం, నంబరు, రక్తం గ్రూపు ఉంటాయి, పేరు బెర్లిన్ రికార్డుల్లో దొరుకుతుంది. ఇప్పుడు మట్టిలోంచి విరగని బిళ్ల వచ్చిందంటే ఏమిటి? బహుశా ఎవరూ లెక్క రాయని ఒక శవం మీద నుంచి తీశారని. తూర్పున అడవుల్లో దొంగచాటుగా తవ్వేవాళ్లు ఎముకల్ని వదిలేసి బిళ్ల పట్టుకొస్తారు. యుద్ధ సమాధుల సంస్థ ఫోల్క్స్‌బుండ్ ఇవాళ్టికీ ఆ ఎముకల్ని వెతికి తీసి పూడుస్తోంది, పేరు చెప్పే ఆధారం మాత్రం ఎవడి గాజు పెట్టెలోనో ఉంటుంది. ఆ మట్టిలో పడుకున్నవాడు ఎలాంటివాడో నాకు తెలీదు, వాడి కోసం ఏడవమని కూడా నేను అనను. కానీ సమాధి దోచుకొచ్చిన సరుకు సమాధి దోచుకొచ్చిన సరుకే.

ఇంత నీతులు చెప్పే నేను చేసిన పని ఇక వినండి.

2020లో ఒక కుటుంబం దగ్గర కట్టగా కొన్నాను. బిస్కెట్ డబ్బాలో ఒక వేర్‌పాస్ (సైనికుడి సర్వీసు వివరాల పుస్తకం), గాయపడ్డవాళ్లకిచ్చే నల్ల బిళ్ల, తూర్పు శీతాకాలం పతకం, మూడు ఉత్తరాలు, 43 ఫోటోలు. మొత్తం 210 యూరోలు. ఆ శీతాకాలం పతకం 1941 నవంబర్ నుంచి 1942 ఏప్రిల్ దాకా రష్యా చలిలో ఉన్నవాళ్లకి ఇచ్చింది, సైనికులే దాన్ని "గడ్డకట్టిన మాంసం పతకం" అని వెక్కిరించేవాళ్లు. ఉత్తరాలు నాకు చదవడం రాలేదు, జర్మన్ రాక కాదు, ఆ రాత వేరు. జ్యూటర్లిన్ అని పాత బడి రాత, 1941లో స్కూళ్లలో ఆపేశారు. మా పై అంతస్తు బామ్మగారు 1931లో పుట్టింది, ఆవిడకి మొదట నేర్పిన రాత అదే. పైకి తీసుకెళ్లాను.

ఆవిడ ఉత్తరాలు పక్కన పెట్టి ముందు ఆ బూడిదరంగు పుస్తకం పైన చెయ్యి పెట్టింది. "వేర్‌పాసా? సోల్డ్‌బుక్ లేదా?" అంది. లేదన్నాను. "అయితే రాలేదన్నమాట" అంది, ఇంకా పుస్తకం తెరవకుండానే. తర్వాత చెప్పింది. సైన్యంలో చేరినవాడు వేర్‌పాస్ దళం ఆఫీసుకి ఇచ్చేస్తాడు, బదులుగా సోల్డ్‌బుక్ తీసుకుని జేబులో పెట్టుకుంటాడు, అదే వాడి జీతం పుస్తకం, గుర్తింపు. మనిషి చనిపోతే వేర్‌పాస్ ఇంటికొస్తుంది. ఇంట్లో వేర్‌పాస్ ఒక్కటే ఉంటే ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆవిడ తరం వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆవిడ వాళ్లన్నయ్య వేర్‌పాస్ కూడా అలాగే ఇంటికొచ్చిందట.

తెరిస్తే ఫోటోలో మామూలు చొక్కా వేసుకున్న కుర్రాడు, బేకరీ పనివాడు, 1921లో పుట్టాడు. చివరి ఎంట్రీ 1943 అక్టోబర్, ద్నేపర్ నది దగ్గర, "పడిపోయాడు" అని. జర్మన్‌లో యుద్ధంలో చనిపోయినవాణ్ని అలాగే అంటారు, మన నేలకొరిగాడు లాంటిది. ఉత్తరాల్లో పెద్ద విషయాలేం లేవు. ఉన్ని మేజోళ్లు పంపమని, పెరట్లో చెర్రీలు ఎవరు కోశారని, పొయ్యి దగ్గర తన పని తమ్ముడు సరిగా చేస్తున్నాడా అని. ఎక్కడెక్కడ ఏం చేశాడో, ఏం చూశాడో ఒక్క ముక్క లేదు. బామ్మగారు మూడూ చదివి, రాసేవాళ్లు కాదు, సెన్సార్ ఉండేది, అయినా రాయాలనుకునేవాళ్లు కూడా కాదు అంది.

2021 చివర్లో హైదరాబాద్ వచ్చేయాలని నిర్ణయించుకున్నాం. ఇవన్నీ సూట్‌కేసులో వేసుకుని రావడం కుదరదు. బయొనెట్‌తో ఎయిర్‌పోర్టులో నిలబడే ఓపిక లేదు, మా ఆవిడ అయితే అల్మారా ఖాళీ అయితేనే ఫ్లైట్ ఎక్కుతానంది. అమ్మకం మొదలైంది.

అమ్మడం కొనడం కన్నా కష్టం. ఈబేలో నాజీ గుర్తులున్న సరుకు 2001 నుంచే నిషేధం. మామూలు పాత సామాన్ల యాప్‌లో పెడితే గంటలో తీసేశారు, స్టిక్కర్ వేసి ఫోటో తీసినా సరే. మిగిలినవి రెండు దారులు. డీలరుకి ఇస్తే తను అమ్మే ధరలో సగం ఇస్తాడు, కానీ అక్కడికక్కడే డబ్బు. మిలిటరీ సరుకు వేలం సంస్థకి ఇస్తే ధర బాగా వస్తుంది, నా దగ్గర 18 శాతం కమిషన్, కొన్నవాడి దగ్గర వేరే, డబ్బు చేతికి రావడానికి నాలుగు నెలలు. అక్కడ వేలం పాడేవాళ్లు ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి, చరిత్ర, పరిశోధన, బోధన లాంటి పనులకే కొంటున్నాం, ప్రచారానికి వాడం అని. ఆ సంతకం ఎంతమందిని ఆపుతుందో అనుకునేవాణ్ని. 2019లో మ్యూనిక్ వేలంలో హిట్లర్ టోపీ అమ్మకానికి వచ్చినప్పుడు, అబ్దల్లా షతిలా అనే లెబనాన్ మూలాలున్న వ్యాపారి అది ఎవడి చేతిలోనూ పడకూడదని తనే కొని ఒక యూదు సంస్థకి ఇచ్చేశాడు. మా ఆఫీసు క్యాంటీన్‌లో ఆ వారం అంతా అదే చర్చ. నా సరుకుని కొని పుణ్యం కట్టుకునేవాళ్లెవరూ లేరు కాబట్టి హెల్మెట్, బయొనెట్, మిగతా పతకాలు వేలానికి ఇచ్చాను. హెల్మెట్ 340 పలికింది. అన్నీ కలిపి నేను పెట్టింది 3,900 యూరోలు, కమిషన్లు పోను వచ్చింది 3,150. లాభాల కోసం ఎవరైనా దిగుతుంటే ఇదీ లెక్క.

బిస్కెట్ డబ్బా కట్ట దగ్గరికి వచ్చేసరికి డీలరు ఒక సలహా ఇచ్చాడు. కట్టగా అయితే 250 ఇస్తా, విడదీస్తే వేర్‌పాస్ 120, పతకం 30, నల్ల బిళ్ల 25, ఫోటోలు ఒక్కొక్కటీ 3 నుంచి 15, ట్యాంకు ఉన్నది అయితే ఇంకా ఎక్కువ, మొత్తం 450 దాటుతుంది అన్నాడు. ప్యాకింగ్ డబ్బాల మధ్య కూర్చుని ఉన్నాను, నెలాఖరు, టికెట్లు కొనాలి. విడదీశాను. ఫోటోలు ఆరు దేశాలకి పోయాయి. ట్యాంకు పక్కన నిలబడ్డ ఫోటో 22 యూరోలు. అమ్మ, తమ్ముడితో బేకరీ ముందు నిలబడ్డ ఫోటో 2 యూరోలు.

వెళ్లేముందు బామ్మగారికి చెప్పడానికి పైకి వెళ్లాను. మైసూర్‌పాక్ ఇచ్చాను, ఆవిడ ఇంట్లో చేసిన జామ్ ఇచ్చింది. "ఆ బేకరీ అబ్బాయి ఏమయ్యాడు? ఎవరికిచ్చారు?" అంది. అమ్మేశానన్నాను. ఎవరికి అంది. కొంచెం కొంచెంగా చాలామందికి అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, జామ్ సీసా మూత గట్టిగా ఉందో లేదో మళ్లీ తిప్పి చూసింది.

ఆ రాత్రి కూర్చుని కొన్నవాళ్లందరికీ మెయిల్ పెట్టాను, తిరిగి కొంటాను అని. సగం మంది జవాబే ఇవ్వలేదు. ఒకతను అప్పటికే వేరేవాడికి అమ్మేశాడు, ఒకతను ట్యాంకు ఫోటోకి 80 అడిగాడు, అది వద్దనుకున్నాను. బేకరీ ముందు ఫోటో కొన్న బెల్జియం ఆవిడ డబ్బులు కూడా తీసుకోకుండా కవర్లో పెట్టి పంపింది. వేర్‌పాస్ కొన్నతను డెన్మార్క్‌లో ఉన్నాడు, 120కి కొన్నది 200 అన్నాడు, 180కి దిగాడు. పతకం, నల్ల బిళ్ల దొరకలేదు, వాటికి పేరు రాసి ఉండదు, ఒకసారి గుంపులో కలిస్తే ఇక అంతే. మొత్తం 11 ఫోటోలు, వేర్‌పాస్, నేను అమ్మని మూడు ఉత్తరాలు.

నాకు అమ్మిన కుటుంబాన్ని అడిగితే మాకొద్దన్నారు. ఆ అబ్బాయి ఊరి మునిసిపల్ ఆర్కైవ్‌కి ఫోన్ చేస్తే తీసుకుంటామన్నారు. ఫ్లైట్‌కి నాలుగు రోజుల ముందు రైల్లో వెళ్లి ఇచ్చాను. అక్కడి ఆవిడ చేతులకి గ్లవ్స్ వేసుకుని ఒక్కొక్కటీ తీసి, ఉత్తరాల్ని పైకెత్తి చూసి, "వీటిలో ఏముందో ఎవరైనా చదివారా?" అని అడిగింది. బామ్మగారు చదువుతుంటే నేను టైపు చేసుకున్న కాగితాలు ఇచ్చాను. రసీదు రాసిచ్చింది: వేర్‌పాస్ ఒకటి, ఉత్తరాలు మూడు, ఫోటోలు పదకొండు, దాత పేరు దగ్గర నా ఇంటిపేరు తప్పుగా.

స్టాంపులు నాతో వచ్చాయి, హైదరాబాద్‌లో హాల్లో ఫ్రేమ్ కట్టించాను. దొంగ పులి బిళ్ల కూడా ఉంది, పిల్లలకి లైట్లు ఆర్పి టార్చి వేసి చూపించడానికి బాగుంటుంది. అమ్మ తోమిన ఐరన్ క్రాస్‌ని మాత్రం డీలరూ వద్దన్నాడు, వేలం వాళ్లూ వద్దన్నారు. ఉచితంగా ఇస్తానన్నా మెకానిక్ పెద్దాయన తీసుకోలేదు, నవ్వి నవ్వి దగ్గొచ్చింది ఆయనకి. బీరువా అడుగు అరలో ఉంది, ఇప్పటికీ మెరుస్తూ.